త్రీడీ దృశ్యంలో కటౌట్ బొమ్మ: కామిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒక పాత కిటుకు

సినిమా హాలు ముందు నిలబెట్టిన పెద్ద కటౌట్‌ను రోడ్డుకు ఇవతల నుంచి చూస్తే హీరో కనిపిస్తాడు. పక్క సందులోకి తిరిగి చూస్తే హీరో మాయం. ప్లైవుడ్ అంచు ఒక గీతలా మిగులుతుంది. ఇంకాస్త వెనక్కి వెళ్తే సరుగుడు కర్రలు, మేకులు, తాళ్లు. కామిక్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో త్రీడీ దృశ్యాల మధ్య టూడీ బొమ్మలను వాడే పద్ధతి అచ్చంగా ఇదే. లోతున్న గదిలోనో వీధిలోనో లోతు లేని ఒక పలకను నిలబెట్టి, దాని మీద ఫొటోనో చేత్తో గీసిన బొమ్మనో అతికిస్తారు. కెమెరా ఎదురుగా ఉన్నంతసేపూ అది చెట్టే, మనిషే, కొండే.

ఈ పలకకు ఊరికో పేరు. వీడియో గేములవాళ్లు బిల్‌బోర్డ్ అంటారు. ఫొటోషాప్ దాన్ని త్రీడీ పోస్ట్‌కార్డ్ అంది. బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రాంలో ఈ సదుపాయం ‘ఇమేజెస్ యాజ్ ప్లేన్స్’ అనే యాడ్-ఆన్‌గా ఏళ్ల తరబడి ఉండి, 2024లో వచ్చిన 4.2 వెర్షన్‌తో అసలు ప్రోగ్రాంలోనే కలిసిపోయింది. ఆర్కిటెక్టులు వాడే స్కెచప్‌లో ‘ఫేస్ మీ’ అనే సదుపాయం ఉంది. తెలుగులో కటౌట్ కన్నా సరిపోయే మాట కనబడదు కాబట్టి ఈ వ్యాసంలో అదే వాడుక.

సినిమాకీ గేముకీ ఈ కిటుకు ఎప్పుడూ కొంచెం ప్రమాదమే. సినిమాలో కెమెరా కదులుతుంది. గేములో ఆడేవాడు ఎటు తిరుగుతాడో తయారుచేసినవాడి చేతిలో ఉండదు. 1993 నాటి డూమ్ గేములో రాక్షసులంతా కటౌట్లే. ఆడేవాడు చుట్టూ తిరిగినా బండారం బయటపడకుండా ఒక్కో రాక్షసుడిని ఎనిమిది వైపుల నుంచి చూపించే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. కామిక్స్‌లో ఆ తలనొప్పి లేదు. ప్రతి ప్యానెల్‌లోనూ కెమెరా ఒక చోట ఆగిపోతుంది, పాఠకుడు ఆ కిటికీలోంచి తప్ప ఇంకెక్కడి నుంచీ చూడలేడు. సరుగుడు కర్రలు కనిపించే సందు అసలు ఉండనే ఉండదు. అందుకే ఈ మోసం ఇంకే కళలోనూ చెల్లనంతగా కామిక్స్‌లో చెల్లుతుంది. అయితే ఇక్కడి చిక్కు వేరు: కటౌట్ దొరికిపోయేది కోణం దగ్గర కంటే గీత దగ్గరే ఎక్కువ. ఆ సంగతి ముందు ముందు తెలుస్తుంది.

కంప్యూటర్‌తో కామిక్స్ గీయడం 1980ల నాటి ముచ్చట. 1985లో అమెరికాలో ఫస్ట్ కామిక్స్ సంస్థ వేసిన షాటర్ బొమ్మలు మెకింటాష్ మీద గీసినవి. అదే చిత్రకారుడు మైక్ సైంజ్ 1988లో మార్వెల్‌కు ఐరన్ మ్యాన్: క్రాష్ చేశాడు. 1990లో పెపె మోరెనో బ్యాట్‌మ్యాన్: డిజిటల్ జస్టిస్‌లో త్రీడీ ఆకారాలను పేజీల్లోకి తెచ్చాడు. ఇవాళ చూస్తే అవి కథల కంటే కంప్యూటర్ ప్రదర్శనల్లాగే అనిపిస్తాయి. అసలు మలుపు జపాన్‌లో వచ్చింది. టోక్యోకు చెందిన సెల్సిస్ సంస్థ 2001లో కామిక్ స్టూడియో విడుదల చేసింది; ఇంగ్లిష్ మార్కెట్‌లో దాని పేరు మాంగా స్టూడియో. అందులో త్రీడీ వస్తువులను నల్ల గీతలుగా, చుక్కల టోన్లుగా మార్చే త్రీడీఎల్‌టీ అనే పనిముట్టు చేరింది. ఫొటోలకు అదే పని చేసిపెట్టేది టూడీఎల్‌టీ. త్రీడీ నుంచి వచ్చినా, ఫొటో నుంచి వచ్చినా చివరికి రెండూ ఒకే రకం గీతగా మారాలన్న ఆలోచన అప్పటిది. 2012లో వచ్చిన క్లిప్ స్టూడియో పెయింట్ దాన్ని అందిపుచ్చుకుంది.

2010లో జపాన్‌లోనే వచ్చిన కామిపో మరో దారి తొక్కింది. గీయడం రానివాళ్ల కోసం చేసిన ప్రోగ్రాం అది. పాత్రలు త్రీడీ బొమ్మలు, వెనక దృశ్యాలు టూడీ చిత్రాలు. పాత్ర తల తిప్పుతుంది, చెయ్యి ఎత్తుతుంది. వెనక ఉన్న తరగతి గది మాత్రం బల్లపరుపుగా అలాగే ఉంటుంది. ఎదురుగా చూసినప్పుడు బాగానే అతుకుతుంది. పాత్రను పైనుంచి చూపిద్దామని కెమెరా ఎత్తితే మాత్రం గది సహకరించదు.

ఫొటోషాప్ కథ ఇంకా చిత్రం. 2007లో సీఎస్3 ఎక్స్‌టెండెడ్‌తో త్రీడీ మొదలైంది, తరువాతి వెర్షన్‌లో ఏ లేయర్‌నైనా పోస్ట్‌కార్డ్‌గా మార్చి గాలిలో తిప్పే వీలొచ్చింది. చాలామంది చిత్రకారులు నేర్చుకున్నారు, అలవాటు పడ్డారు. 2021లో ఆడోబీ ఆ సదుపాయాలను తీసేయడం మొదలుపెట్టింది. ఈ రంగంలో నేర్చుకున్న మెనూకు ఆయువెంతో చెప్పలేం.

వారం వారం పేజీలు అచ్చుకివ్వాల్సిన తొందరే ఈ పద్ధతికి అసలు పెంపకందారు. హిరోయా ఓకు 2000 నుంచి 2013 దాకా నడిపిన గాంట్జ్ మాంగాలో టోక్యో వీధులు, గదులు త్రీడీలో కట్టినవే. కొరియాలో ఫోన్‌లో చదివే వెబ్‌టూన్ కామిక్స్ పెరిగాక స్కెచప్ అనే ఇళ్ల డిజైన్ల ప్రోగ్రాం చిత్రకారుల బల్లల మీదికి చేరింది. తరగతి గది, ఆసుపత్రి వరండా, అంతఃపురం అన్నీ రెడీమేడ్‌గా కొనుక్కునే దుకాణాలు నెట్‌లో వెలిశాయి. అలా కొన్న వీధిలోనూ చెట్లు, జనం, షాపుల బోర్డులు చాలావరకు కటౌట్లే. నిజం చెట్టుకు వేల ఆకులు. ఒక్కో ఆకునూ త్రీడీలో పెడితే ఫైలు తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. కటౌట్ చెట్టుకు కావలసింది రెండే రెండు త్రిభుజాలు, ఒక బొమ్మ.

తయారీలో మొదటి మెట్టు బొమ్మ చుట్టూ ఖాళీని నిజంగా ఖాళీ చేయడం. కంప్యూటర్ బొమ్మలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లతో పాటు నాలుగో లెక్క ఒకటి ఉంటుంది: ఆ చుక్క ఎంత పారదర్శకం అన్నది. దాన్ని ఆల్ఫా అంటారు. పీఎన్‌జీ ఫైలులో ఆల్ఫా నిలుస్తుంది, జేపీజీలో నిలవదు. అందుకే కొత్తగా మొదలుపెట్టినవాళ్లు జేపీజీ చెట్టును వీధిలో నిలబెట్టి, చుట్టూ తెల్ల దుప్పటి ఎందుకు పరుచుకుందా అని తల గోక్కుంటారు. పీఎన్‌జీ చేసినా ఒక్కోసారి ఆకుల అంచుల్లో సన్నటి తెల్ల పోగు మిగులుతుంది. తెల్ల కాగితం మీద గీసిన బొమ్మను కోసినప్పుడు అంచు చుక్కల్లో సగం ఆకు రంగు, సగం కాగితం రంగు కలిసిపోవడమే కారణం. ముదురు గోడ ముందు నిలబెడితే ఆ పోగు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అంచు చుక్కలకు ఆకు రంగే పూసి, పారదర్శకతను మాత్రం ఆల్ఫాకు వదిలేయాలి.

రెండో మెట్టు కంటి ఎత్తు. ఫొటోలో గానీ గీసిన బొమ్మలో గానీ కెమెరా ఏ ఎత్తున ఉందో బొమ్మే చెబుతుంది. నిలబడ్డ మనిషి కంటి ఎత్తు నుంచి తీసిన ఫొటోను, మేడ మీంచి చూసే దృశ్యంలో పెడితే వీధి పైనుంచి కనబడుతుంది, మనిషి మాత్రం ఎదురుగా కనబడతాడు. అతని పాదాలు నేలను తాకవు. జారుడుబల్ల మీద నిలబెట్టినట్టు ఉంటాడు. పలకను వెనక్కి వాలిస్తే కొంత కుదురుతుంది కానీ పూర్తిగా కాదు. కాబట్టి పై చూపుకు వేరే బొమ్మ గీసుకోవడమే తేలిక. క్లిప్ స్టూడియో పెయింట్‌లో త్రీడీ లేయర్‌తో పాటే దాని కెమెరాకు సరిపడే పర్‌స్పెక్టివ్ రూలర్ వస్తుంది. ఆ రూలర్ చూపే క్షితిజ రేఖనూ బొమ్మలోని క్షితిజ రేఖనూ కలిపితే సగం సమస్య అక్కడే తీరుతుంది.

ఎంత దూరాన ఉన్నది కటౌట్ కావచ్చు? దీనికి లెక్క ఉంది. కెమెరా పక్కకు 1 మీటరు జరిగితే, 5 మీటర్ల దూరంలోని వేపచెట్టును చూసే కోణం దాదాపు 11 డిగ్రీలు మారుతుంది. అంటే చెట్టు పక్క భాగం కొంచెం కొత్తగా కనిపించాలి. 5 కిలోమీటర్ల దూరంలోని కొండ విషయంలో ఆ మార్పు 1 డిగ్రీలో నూరో వంతు. దూరపు కొండలు నునుపు అన్న సామెత ఈ పనికి సూత్రంలా పనికొస్తుంది: దూరాన ఉన్నదేదైనా ఒక పలక చాలు. మధ్య దూరంలో రెండు మూడు పలకలు ఒకదాని వెనక ఒకటి పెడితే సురభి నాటకంలో తెరల వరసలా లోతు పలుకుతుంది. పాత్ర చేతికి అందే దూరంలో ఉన్నవి మాత్రం నిజంగా త్రీడీలో కట్టాలి, లేదా చేత్తో గీయాలి.

ఒక ప్యానెల్‌ను దగ్గరగా చూద్దాం. పల్లెటూరి బస్టాపు: సిమెంటు షెల్టరు, బెంచీ త్రీడీలో కట్టారు. పక్కన వేపచెట్టు కటౌట్. బ్లెండర్‌లో మామూలు రెండర్ తీస్తే చక్కగా ఉంది. కామిక్స్‌కు నల్ల గీతలు కావాలి కనుక, 2013లో 2.67 వెర్షన్‌తో వచ్చిన, గీతలు గీసిపెట్టే ఫ్రీస్టైల్‌ను ఆన్ చేశారు. షెల్టరు అంచులు కలంతో గీసినట్టు వచ్చాయి. చెట్టు చుట్టూ మాత్రం ఫొటో ఫ్రేములా నల్ల చతురస్రం పడింది! ఫ్రీస్టైల్ ఆకారపు అంచులను చూసి గీత గీస్తుంది. బొమ్మలో ఆల్ఫా ఎక్కడ ఉందో దానికి పట్టదు. దాని దృష్టిలో వేపచెట్టు అనేది నాలుగు అంచుల తలుపు. 2021లో 2.93తో వచ్చిన లైన్ ఆర్ట్ కూడా ఆకారాన్నే నమ్ముకున్నది. విరుగుడు రెండు రకాలు. కటౌట్లన్నీ వేరే కలెక్షన్‌లో, అంటే వేరే గుంపుగా, పెట్టి దానికి గీతలు వద్దని చెప్పడం ఒకటి. పలకనే చెట్టు ఆకారానికి దగ్గరగా కత్తిరించడం రెండోది. మొదటిదే సుఖం, ఎందుకంటే చెట్టు గీతలు చిత్రకారుడు ముందే గీసిపెట్టాడు కదా.

అదే ప్యానెల్‌లో ఇంకో తమాషా. పొద్దున ఎండ పక్క నుంచి పడుతోంది. షెల్టరు నీడ నేల మీద పొడుగ్గా సాగింది. చెట్టు నీడ చూస్తే తాడంత సన్నగా ఉంది. సూర్యుడు పలకను పక్క నుంచి చూస్తున్నాడు. అతనికి కనిపించేది ప్లైవుడ్ అంచే. సందులోంచి హాలు వైపు చూసినవాడి పరిస్థితే సూర్యుడికీ వచ్చింది. ఇందుకు అనుభవజ్ఞులు రెండో కటౌట్ పెడతారు. దాన్ని సూర్యుడి వైపు తిప్పి, కెమెరాకు కనబడకుండా, నీడ మాత్రం పడేలా అమరుస్తారు. బ్లెండర్‌లోని సైకిల్స్ రెండరర్‌లో ఒక వస్తువును కెమెరాకు దాచి నీడకు ఉంచే వీలుంది. కెమెరా కోసం ఒక చెట్టు, ఎండ కోసం ఇంకో చెట్టు. పాఠకుడికి ఒకటే కనిపిస్తుంది.

ఒకే సెట్టును ఇరవై ప్యానెళ్లలో వాడినప్పుడు ప్రతిసారీ కటౌట్లను చేత్తో తిప్పడం విసుగు. స్కెచప్ ఫేస్ మీ బొమ్మలు కెమెరా ఎటు వెళ్తే అటు తిరుగుతాయి. కొత్త ఫైలు తెరవగానే మధ్యలో నిలబడి ఉండే మనిషి బొమ్మ ఈ జాతిదే. ఇంటి ఎత్తు అంచనాకు అక్కడ పెట్టారు. బ్లెండర్‌లో ఇదే పనిని ట్రాక్ కన్‌స్ట్రెయింట్లు చేస్తాయి. నిలువు అక్షం చుట్టూ మాత్రమే తిరిగేలా కట్టేయాలి, లేకపోతే కెమెరా పైకెత్తినప్పుడు చెట్లన్నీ ఆకాశం చూస్తూ వెల్లకిలా పడుకుంటాయి. తిరగడం అక్కర్లేని పాత పద్ధతి ఇంకొకటి ఉంది: రెండు పలకలను గుణకారం గుర్తులా ఒకదాన్లోంచి ఒకటి దూర్చడం. దూరపు పొదలకు సరే. దగ్గరగా చూస్తే పెళ్లి పందిట్లో అట్టముక్కల అలంకరణలా ఉంటుంది.

పలక నిలువుగా ఉండాలనేమీ లేదు. గోడ మీది పోస్టరు, సీసా మీది లేబులు, టీవీ తెర, షాపు బోర్డు ఇవన్నీ త్రీడీలో అతికించిన టూడీ బొమ్మలే, వీటిలో మోసం కూడా లేదు. నిజం బోర్డు కూడా బల్లపరుపే కదా. క్లిప్ స్టూడియో పెయింట్‌లో పలక, పెట్టె, గోళం లాంటి మామూలు ఆకారాలను పెట్టి వాటి మీదికి చిత్రాన్ని ఎక్కించవచ్చు. తెలుగులో కామిక్స్ చేసేవాళ్లకు ఇది సౌకర్యం కన్నా అవసరం. బ్లెండర్ టెక్స్ట్ వస్తువు ఇంగ్లిష్ అక్షరాలకు తగ్గట్టు పుట్టింది, గుణింతాలూ ఒత్తులూ కలిసే లిపులకు చాలాకాలం అనువుగా లేదు. ‘శ్రీ వేంకటేశ్వర కిరాణా’ అని నేరుగా అందులో టైపు చేసి ఒత్తుల కోసం వెతుక్కోవడం కంటే, బోర్డును మామూలు బొమ్మల ప్రోగ్రాంలో రాసి, పీఎన్‌జీగా తెచ్చి గోడకు తగిలించడమే దారి. మరీ మంచిది, బోర్డులు రాసే ఆర్టిస్టులా కుంచెతో రాసి స్కాన్ చేయడం. పలక వెనక వైపు అక్షరాలు తిరగబడి కనిపిస్తాయన్నది మాత్రం గుర్తుండాలి. షాపు లోపలి నుంచి అద్దం గుండా చూసే ప్యానెల్‌లో అలా కనబడటమే న్యాయం, రోడ్డు మీంచి చూసేదాంట్లో కాదు.

ఇక పనోరమా. గది మధ్యలో నిలబడి చుట్టూ 360 డిగ్రీలు తీసిన ఫొటోను పొడవు వెడల్పులు 2:1 పాళ్లలో విప్పి పరిచి, మళ్లీ ఒక పెద్ద గోళం లోపలి గోడకు అతికిస్తారు. కెమెరా గోళం మధ్యలో ఉంటుంది. ఎటు తిప్పినా దృశ్యమే. చేత్తో గీసిన పనోరమాలు కూడా దొరుకుతాయి. చూడ్డానికి అన్నిట్లోకీ సులువుగా కనిపించే ఈ పద్ధతి అచ్చు దగ్గర బోల్తా కొడుతుంది. 4096 చుక్కల వెడల్పున్న పనోరమా అంటే పెద్దదే అనిపిస్తుంది. కానీ ప్యానెల్‌లో కనిపించేది 60 డిగ్రీలే అనుకుంటే అందులో ఆరో వంతు, 683 చుక్కలు. జపాన్ పత్రికల బీ5 పేజీ 182 మిల్లీమీటర్ల వెడల్పు; 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, 4299 చుక్కలు. పేజీ నిండా పరిస్తే ఒక్కో చుక్క ఆరు రెట్లకు పైగా సాగుతుంది. 16384 చుక్కల పనోరమా తెచ్చినా ఆ ముక్కకు 2731 చుక్కలే. ఫోన్‌లో చదివే వెబ్‌టూన్‌కు ఇంత బెంగ అక్కర్లేదు. వెబ్‌టూన్ ప్లాట్‌ఫాం తన క్యాన్వస్ విభాగంలో అడిగే వెడల్పు 800 చుక్కలు కాబట్టి అక్కడ చిన్న పనోరమా కూడా గట్టెక్కుతుంది.

గీత దగ్గరికి వచ్చేసరికి అసలు పరీక్ష. 600 డీపీఐలో 0.3 మిల్లీమీటర్ల గీత మందం దాదాపు 7 చుక్కలు. పాత్ర కటౌట్‌ను ఆ మందంతో గీశారనుకోండి. కెమెరా వెనక్కి జరిగి బొమ్మ సగానికి తగ్గితే గీత మూడున్నర చుక్కలకు పడిపోతుంది. ముందుకు జరిగి రెట్టింపైతే 14 చుక్కలు, ఇనుప ఊచంత. అదే దృశ్యంలో త్రీడీ షెల్టరు గీత మాత్రం ఎంత దూరమైనా చిత్రకారుడు పెట్టిన మందమే. పాఠకుడికి కారణం తెలియకపోవచ్చు గానీ పాత్ర మీద స్టిక్కరు అతికించినట్టు ఉందని కన్ను పట్టేస్తుంది. అనుభవమున్నవాళ్లు అందుకే ఒకే పాత్రకు దగ్గర చూపుకు ఒక కటౌట్, దూరం చూపుకు ఒకటి, వేర్వేరు మందాల్లో గీసిపెట్టుకుంటారు. డూమ్ రాక్షసులకు ఎనిమిది కోణాలు పట్టినట్టే ఇక్కడ పాత్రకు రెండు మూడు దూరాలు పడతాయి.

చుక్కల టోన్ సంగతి ఇంకా కఠినం. టోన్ వేసిన బొమ్మను త్రీడీ దృశ్యంలో పెడితే పలక చిన్నదయ్యే కొద్దీ చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి చీర అంచులో అలల్లాంటి మోయిరే పుడుతుంది. అచ్చులో అది ఇంకా వికారంగా తేలుతుంది. కటౌట్‌ను మామూలు బూడిద రంగుతో ఉంచి, దృశ్యమంతా తేలాక చివర్లో ఒక్కసారే టోన్ వేయడం పద్ధతి. క్లిప్ స్టూడియో పెయింట్ ఈఎక్స్ ఎడిషన్‌లో ఉన్న ఎల్‌టీ కన్వర్షన్ ఈ పనే చేస్తుంది: త్రీడీ లేయర్ నుంచి గీతలను ఒక లేయర్‌గా, టోన్లను వేరే లేయర్లుగా విడదీస్తుంది. గీసిన బొమ్మ, కట్టిన గోడ రెండూ ఒకే జల్లెడలోంచి రావడం వల్ల ఒకే చేతి పనిలా కనిపిస్తాయి. అయినా చాలామంది ఆ గీతలను అలాగే వదలరు. కొన్నిచోట్ల చెరిపి, కొన్నిచోట్ల కలం ఒత్తిడి మార్చి మళ్లీ గీస్తారు, లేదంటే గోడలన్నీ ఇంజినీరు ప్లానులా ఉంటాయి.

ఇంతకీ బొమ్మను త్రీడీ దృశ్యంలోకి దింపాల్సిన పని ఎప్పుడూ ఉంటుందా? సగం సందర్భాల్లో ఉండదు. పాత్ర అన్నిటికన్నా ముందు నిలబడి ఉంటే త్రీడీ లేయర్ మీద ఇంకో లేయర్ వేసి గీసేయడమే తక్కువ శ్రమ. పాత్ర బెంచీ వెనక కూర్చున్నప్పుడు, కిటికీ ఊచల అవతల నడిచినప్పుడు, నీడ మెట్ల మీద విరిగి పడాల్సినప్పుడు కటౌట్ తన విలువ చూపిస్తుంది. ఏది ముందు ఏది వెనక అన్న తగువును కంప్యూటరే తీరుస్తుంది. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. సగం పారదర్శకంగా ఉన్న పలకలు ఒకదాని వెనక ఒకటి ఉన్నప్పుడు తెర మీద అప్పటికప్పుడు చూపించే పద్ధతులు వరస తప్పుతుంటాయి, వెనక చెట్టు ముందుకు వచ్చేస్తుంది. అంచుల్లో మెత్తదనం కావాలని పట్టుబట్టకుండా, చుక్క ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు తేల్చే ఆల్ఫా క్లిప్ పెట్టుకుంటే గొడవ పోతుంది. నలుపు తెలుపు కామిక్స్‌కు అంచు పదునుగా ఉండటం లోపం కూడా కాదు.

కటౌట్‌కూ పూర్తి త్రీడీకీ మధ్య ఒక దారి కెమెరా ప్రొజెక్షన్. ముందు వీధి మొత్తాన్ని ఒకే చిత్రంగా గీస్తారు. ఆ చిత్రంలోని ఇళ్లకు సరిపడేలా ఉత్త పెట్టెలు పేర్చి, ప్రొజెక్టర్‌తో తెర మీద సినిమా వేసినట్టు చిత్రాన్ని కెమెరా వైపు నుంచి వాటి మీద పడేలా చేస్తారు. సినిమాలకు వెనక దృశ్యాలు గీసే మ్యాట్ పెయింటింగ్‌వాళ్లు నడిచిన బాట ఇది. కెమెరాను కొద్దిగా పక్కకు జరిపి రెండో ప్యానెల్ తీసుకోవచ్చు, మరీ జరిపితే ఇళ్ల పక్క గోడల మీద చిత్రం రబ్బరులా సాగుతుంది. ఒకే చిత్రం నుంచి మూడు నాలుగు ప్యానెళ్లు పిండుకోవడానికి ఇంతకంటే పొదుపైన దారి లేదు.

ఫైళ్ల విషయంలో ఒక చిన్న జాగ్రత్త. బ్లెండర్ మామూలుగా బొమ్మను తన ఫైలులో దాచుకోదు, అది ఏ ఫోల్డరులో ఉందో చిరునామా మాత్రం రాసుకుంటుంది. ఫైలును ఒక్కదాన్నే పెన్‌డ్రైవ్‌లో ఇంకో కంప్యూటర్‌కు తీసుకెళ్లి తెరిస్తే బస్టాపు ఉంటుంది, బెంచీ ఉంటుంది, వేపచెట్టు ఉండాల్సిన చోట ముదురు గులాబీ రంగు పలక నిలబడి ఉంటుంది. ఊరు దాటించే ముందు బొమ్మలన్నిటినీ ఫైలులోకే కలిపే ప్యాక్ రిసోర్సెస్ ఆజ్ఞ ఫైల్ మెనూలోనే, ఎక్స్‌టర్నల్ డేటా కింద ఉంది.